లెక్క చెప్పని మంద

గొర్రెలు కొండకు మేలు చేస్తాయని నాకు చెప్పడానికి ఆ పిల్ల ప్రొద్దుటూరు నుంచి రెండు బస్సులు మారి పులివెందులకు వచ్చింది. పేరు షబానా. ప్రొద్దుటూరులో వాళ్ళ నాన్నకు బట్టల అంగడి. ఈ పిల్ల ఆ అంగడి మీది మేడగదిలో కూర్చుని, ఏదో విదేశీ విశ్వవిద్యాలయం వాళ్ళు కంప్యూటర్‌లో చెప్పే పాఠాలు వింటూ పీజీ చదువుతోంది. పర్యావరణం, అంతర్జాతీయ అభివృద్ధి అని ఆ చదువు పేరు. నేను కాలేజీలో అలాంటి పాఠాలే చెబుతానని, పైగా గొర్రెల కాపరి కూతురినని ఎవరో చెప్పారట. మజ్జిగ ఇచ్చాను. తాగి, ఫోను బల్ల మీద పెట్టి, "మేడమ్, మంద తిరిగితేనే కొండ బాగుంటుందని ఇప్పుడు పెద్దపెద్దవాళ్ళంతా ఒప్పుకుంటున్నారు. కాపరుల పద్ధతుల మీద మాకొక పేపరే ఉంది. మీ నాన్నగారు మంద ఎలా తోలేవారో చెప్తారా?" అని అడిగింది.

నాకు ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది. ఆ పిల్లదేం తప్పు? పాఠంలో ఏది ఉంటే అది చెప్పింది. ఆ వయసులో నేనూ పాఠంలో ఉన్నదే చెప్పాను, కాకపోతే అప్పటి పాఠం వేరు. ఆమెకు కావలసిన నాలుగు మాటలు చెప్పి, బస్సెక్కించి వచ్చాను గానీ, ఆ రోజు నుంచి ఏ పని మీదా మనసు నిలవడం లేదు. చెప్పకుండా మింగిన మాటలన్నీ గొంతుకు అడ్డం పడి కూర్చున్నాయి. వాటిని ఇక్కడ దించుకుంటాను.

మా ఊరు పులివెందులకూ జమ్మలమడుగుకూ నడుమ, ఒక బోడి కొండ కింద ఉంటుంది. ఆ ఇంట్లో కళ్ళు తెరవకముందే ముక్కు నిద్ర లేచేది. గొర్రెల పెంట, మంచుకు తడిసిన గొంగడి, గొర్రెపిల్లల మూతుల మీది పాలు, అమ్మ పొయ్యిలో పెట్టిన తుమ్మకట్టె పొగ, అన్నీ కలిసి ఒకటే వాసన. మా అమ్మ గంగమ్మ దొడ్డంతా ఊడ్చి, పెంట దిబ్బకు చేర్చిన తర్వాత గానీ మొహం కడుక్కునేది కాదు. చేతులు రుద్ది రుద్ది కడుక్కుని అప్పుడు సంగటి కెలికేది, అందులోకి రోట్లో చెనిక్కాయల పచ్చడి, ఊరిబిండి, నూరేది. మా నాయన ఓబులేసు గోడకు ఆనుకుని నిలబడే తినేవాడు. "మనం కూసుంటే గొర్లు గూడా కూసుంటాయి" అనేవాడు. అది నిజమో పరిహాసమో మాకు తెలిసేది కాదు, ఆయన మొహంలో రెంటికీ తేడా ఉండేది కాదు. సద్దిమూట కట్టుకుని, గొంగడి భుజాన వేసుకుని, నాలుక మడిచి ఒక కూత పెట్టేవాడు. మంద మొత్తం లేచి ఆయన వెంట కొండెక్కేది. పాలు తాగే గొర్రెపిల్లల్ని మాత్రం ఇంటి దగ్గర గంపల కింద మూసిపెట్టేవాళ్ళం. సాయంత్రం మంద దిగివచ్చే వేళకు ఆ గంపలు ఎత్తే పని నాది. పిల్లలు తల్లుల కోసం, తల్లులు పిల్లల కోసం అరుస్తుంటే ఇంట్లో ఎవరి మాట ఎవరికీ వినపడేది కాదు. ఎవరి పిల్ల వాళ్ళకు దొరికాక, ఎవరో నోరు మూసినట్టు, అంతా సద్దుమణిగేది. వేసవిలో ఆ కొండ మీద మేత అయిపోతే నాయన మందను తోలుకుని మైదుకూరు వైపు పోయేవాడు. అక్కడ కాలువ కింద వరికోతలు అయిపోయిన చేలల్లో మందను పడుకోబెట్టమని రైతులు పిలిచేవాళ్ళు, చేనుకు ఎరువవుతుందని. ఆయన లేని ఆ నెలల్లో ఇల్లు ఇల్లులా ఉండేది కాదు.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. గొర్రెలను లెక్కపెట్టకూడదు. సాయంత్రం నాయన దొడ్డి వాకిట్లో నిలబడి మంద లోపలికి పోతుంటే ఊరికే చూసేవాడు. ఒకటి తక్కువైతే చూపుకే తెలిసిపోయేది, "ఆ చెవి తెగిందేది, రాలా?" అని మళ్ళీ కొండకు పోయేవాడు. అంతే గానీ నోటితో అంకె పలికేవాడు కాదు. దారిన పోయేవాళ్ళు ఎన్నున్నాయని అడిగితే "ఏందో, నాలుగుండాయిలేప్పా" అనేవాడు. అడిగినవాళ్ళకూ తెలుసు, అది మర్యాదకు చెప్పే మాటని. నేను బడిలో కొత్తగా ఎక్కాలు నేర్చుకుని వచ్చి, దొడ్డిలోకి వేలు చూపిస్తూ ఒకటీ రెండూ అని మొదలుపెడితే మా జేజినాయన, నాయన వాళ్ళ నాయన, పరుగున వచ్చి నా వేలు మడిచేశాడు. "వేలు జూపాకు మ్మే, దిష్టి తగులుతాది. ఇచ్చేది ఆయమ్మ, తీసుకునేది ఆయమ్మ. నడమ లెక్కబెట్టేదానికి మనమెవురు?" అన్నాడు. ఆయమ్మ అంటే మా ఊరి దేవత గంగమ్మ తల్లి. మా అమ్మకు పెట్టిన పేరు కూడా ఆమెదే. ఆ రోజు నుంచి దొడ్డి దగ్గర నేను ఎక్కాలు ఎత్తలేదు.

పీజీకి ప్రొద్దుటూరు పోయాను. అదీ పర్యావరణ శాస్త్రం. ఎందుకా చదువంటే సీటు దొరికింది కాబట్టి, అంతకు మించి కథేమీ లేదు. హాస్టలంటే ఒక పాత మిద్దె, దాని వెనక చెనిక్కాయల నూనె మిల్లు. మా గది కిటికీ మిల్లు వైపే ఉండేది కాబట్టి ఏడాది పొడుగునా మూసే ఉంచేవాళ్ళం. తీస్తే పిండి దుమ్ము, మూస్తే ఉక్క. నాతో పాటు ఆ గదిలో వాణి ఉండేది, జమ్మలమడుగులో ఒక గుడి పూజారి గారి అమ్మాయి. మనసు మంచిది. ఒక రోజు చాలా మొహమాటపడుతూ, "మల్లీ, ఏమీ అనుకోకు, నీ దుప్పటి ఒకసారి ఎండలో వేస్తావా?" అంది. అది దుప్పటి వాసన కాదని నాకు తెలుసు. నేను ఇంటి నుంచి వచ్చిన ప్రతిసారీ ఆ వాసన నాతో వచ్చేది. సీకాయతో తల రుద్దుకున్నాను, సబ్బు అరగదీశాను, బట్టలు రెండేసి సార్లు ఉతికాను. పోయేది కాదు. ఇంటికి పోతేనేమో, "సబ్బు కంపు గొడతాండావు మ్మే, గొర్రెపిల్లలు దగ్గరికి రావు సూడు" అని అమ్మ. అక్కడా ఇమడలేను, ఇక్కడా ఇమడలేను. మూసిన ఆ కిటికీ కింద కూర్చుని ఎన్నిసార్లు ఏడ్చానో.

మాకు అభివృద్ధి పేపరు చెప్పే సారు కోస్తా నుంచి వచ్చినాయన. తెల్లటి చొక్కా, మెత్తటి మాట, ఎవరినైనా గారూ అనే పిలిచేవారు. చెట్లన్నా గడ్డన్నా ఆయనకు నిజంగా ప్రేమ. ఆయన పాఠంలో ఒక పుస్తకం ఉండేది. అందులో ఆఫ్రికాలో ఏదో ఎండిన నేల, పగుళ్ళు, నడుమ ఒక బక్క మనిషి, ఆయన చుట్టూ గొర్రెలు, మేకలు. అతిమేత వల్ల నేల ఎడారి అవుతుందని బొమ్మ కింద రాసి ఉంది. సారు ఆ పుట తెరిచి, పేద దేశాల కొండలు బోడిగా మారడానికి ముఖ్య కారణం ఇదేనని చెప్పేవారు. నేను ఆ బొమ్మనే చూస్తూ కూర్చునేదాన్ని. ఆ మనిషి భుజాన గొంగడి వేస్తే మా నాయనే. తరగతిలో లేచి ఏమని చెప్పను? ఇంటికి పోయి నాయనకు ఏమని చెప్పను? పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. బాగా రాశాను. దానికి అందరికంటే నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి.

అప్పుడే విదేశీ దాతల సాయంతో ఒక ప్రాజెక్టు మొదలైంది. దాని ఆఫీసు జమ్మలమడుగులో, సలహాదారు మా సారు. ఎండిన కొండలను మళ్ళీ పచ్చగా చేయడం దాని పని. ఎంచుకున్న కొండల్లో మా ఊరి కొండ ఒకటి. నా పీజీ పరిశోధన కూడా దాని మీదేనని సారు నిర్ణయించేశారు. "మీ ఊరే కదమ్మా, నీకు సులువు" అన్నారు. మా ఊరి మీదే చేయడం నాకిష్టం లేదు. కానీ కాదనడానికి నాకు నోరెక్కడిది? ఆయన సంతకం లేకపోతే డిగ్రీ లేదు.

ఊళ్ళో కమిటీ వేశారు. అధ్యక్షస్థానంలో ఆడమనిషి ఉండాలని, అదీ కాపరుల ఇంటి మనిషైతే దాతలు సంతోషిస్తారని పైనుంచి మాట. చూపు మా అమ్మ మీద పడింది. సారు ఇంటికి వచ్చి అడిగితే అమ్మ చేటలో కొర్రలు చెరుగుతూనే, "అధ్యక్షమంటే నాకేం తెల్సు సారూ?" అంది.

"ఏమీ తెలియక్కర్లేదమ్మా. మేమున్నాం కదా."

"ఏం తెలియకపోయినా సాలంటే మా ఆయప్పనే బెట్టుకోండి. ఆయప్పకు నాకంటే తెలీదు."

నాయన కూడా నవ్వాడు. ఇంట్లో అందరం నవ్వుకున్న ఆఖరి రోజు అదేననుకుంటాను. చివరికి అమ్మ ఒప్పుకుంది, నా చదువు కోసమే ఒప్పుకుంది. ఆ మాట పైకి అనలేదు గానీ, "సారు మన పిల్ల సారు గదా" అని నాయనతో అనడం విన్నాను.

కమిటీ రూలు చెబుతాను, వినండి. కొండ పైభాగం మొత్తం మూత. కింది వాలులో మాత్రం, ఎవరికెన్ని గొర్రెలున్నాయో ముందే చెబితే, అన్నింటికి వీపు మీద నీలిరంగు పూస్తారు. రంగున్న గొర్రె మేయొచ్చు. రంగు లేనిది కనిపిస్తే బందెలదొడ్డిలో వేస్తారు. బందెలదొడ్డంటే చేలల్లో పడి మేసిన పశువులను మూసిపెట్టే రాతిగోడల దొడ్డి, ప్రతి ఊళ్ళోనూ ఒకటుండేది. మా ఊళ్ళో అది ఏళ్ళ తరబడి ఊరికే పడి ఉంది. దానికి కొత్త తలుపు, కొత్త తాళం పెట్టించి, తాళంచెవి అధ్యక్షురాలి చేతికిచ్చారు. అమ్మ దాన్ని రొంటిన దోపుకుంది.

గొర్రెల సంఖ్య అడగడానికి సారు వచ్చే ముందు నేను నాయనను దొడ్డి వెనక్కు పిలుచుకుపోయాను. "నాయనా, నీకు దండం బెడతా, ఈసారికి ఉన్నయి ఉన్నట్టు చెప్పు. ఇది దోవన పొయ్యేవాళ్ళు అడిగేటట్ల కాదు. ఎన్ని చెప్తే అన్నిటికే మేత" అన్నాను. నాయన నా వైపు వింతగా చూశాడు. "నాకు తెలీదా మ్మే? తెలిస్తే మాత్రం నోటితో ఎట్ల అంటారు? మీ జేజినాయన అనిండాడా, వాళ్ళ నాయన అనిండాడా?" అన్నాడు. నేను బతిమాలాను, కోప్పడ్డాను. ఆయన బీడీ ముట్టించుకున్నాడు. సారు వచ్చి, ఎంతో మర్యాదగా అడిగారు. నాయన అంతకంటే మర్యాదగా, దిక్కులు చూస్తూ, "ఏందో సారూ, ఒక ఇరవై ముప్పై ఉంటాయి" అన్నాడు. సారు ముప్పై అని రాసుకున్నారు. తలుపు పక్కన నిలబడి ఉన్నాను నేను. నోరు విప్పితే నాయన పరువు తీసినదాన్నవుతాను, విప్పకపోతే గొర్రెలకు మేత లేదు. నాయన చెప్పిన దానికీ దొడ్డిలో ఉన్న దానికీ పొంతనే లేదని ఆ ఊళ్ళో కుక్కకు కూడా తెలుసు. కానీ అందరూ అలాగే చెప్పారు. చిన్న వెంకటయ్య మామ అయితే "ఉంటే ఉంటాయి, ల్యాకపోతే ల్యా" అన్నాడట. ఎవరి దిష్టి భయం వాళ్ళది.

రంగు పూసే రోజున నాయన ఏ గొర్రెను ముందుకు తోయాలో తేల్చుకోలేక మధ్యాహ్నం దాకా నిలబడిపోయాడు. చివరికి చూడి గొర్రెలకూ పాలిచ్చే తల్లులకూ పూయించాడు. మిగిలినవాటిని ఊరి కింద తుమ్మల్లో మేపుకుంటానన్నాడు. మందను అలా రెండుగా చీల్చడం మా వంశంలో ఎవరూ చేయలేదు. గొర్రె సంగతి తెలిసిన వాళ్ళకు చెప్పనక్కర లేదు, ఒకటి పోయిన దారినే అన్నీ పోతాయి. నీలి వీపువి కొండెక్కుతుంటే మిగతావి కంప దాటుకుని వెనకాలే పోయేవి. నాయన ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తేవాడు. ఆయన పరుగెత్తడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. కిందికి తోలుకుపోదామంటే సున్నపురాయి గనులు, అవతలి కొండ అటవీ శాఖది, కాలువ గట్టు పొడుగునా పైర్లు. ఎటు చూసినా కంచే.

నేను సెలవులకు ఇంట్లో ఉన్నప్పుడే అది జరిగింది. కమిటీ కాపలావాడు నాగన్న మా మందను, రంగున్నవీ లేనివీ కలిపి, కొండ మీంచి దింపి బందెలదొడ్డి ముందు నిలబెట్టాడు. అధ్యక్షురాలిని పిలవమన్నాడు. అంతకు వారం ముందే అమ్మ ఆ దొడ్డిలో చిన్న వెంకటయ్య మామ గొర్రెలను వేసి తాళం పెట్టింది. ఆయన ఇప్పుడు అరుగు మీద కూర్చుని మా వైపే చూస్తున్నాడు, ఊళ్ళో వాళ్ళందరూ చూస్తున్నారు. అమ్మ రొంటి నుంచి తాళంచెవి తీసింది. "ఏం జూస్తాండావు నాగన్నా? తోలు లోపలికి. నా మొగుని గొర్లని నువ్వేం మొగమాట పడాకు" అంది. తనే తాళం వేసింది. వెనకాలే నాయన వచ్చాడు. గోడ నీడలో గొంతుక్కూర్చున్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఇంటి దగ్గర గంపల కింద పిల్లలు అరుస్తున్నాయి, దొడ్డిలో తల్లులు అరుస్తున్నాయి. ఆ అరుపులు రెండు వైపుల నుంచీ వచ్చి నా చెవుల్లో పడుతున్నాయి. జమ్మలమడుగు నుంచి సారు జీపులో వచ్చారు. ఆయన మొహమూ వాడిపోయింది. నాయన పక్కనే గొంతుక్కూర్చోబోయి, అలవాటు లేక, ఒక రాయి మీద కూర్చున్నారు. "ఓబులేసుగారూ, మీ మీద నాకేమీ కోపం లేదండీ. ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. అన్నింటికీ రంగు వేయిస్తాను, ఇప్పుడే వదిలేస్తారు" అన్నారు.

"ఉండాయి సారూ" అన్నాడు నాయన.

"అదేనండీ, ఎన్ని?"

"ఉండాయి."

"ఆయప్ప నోట్నుంచి రాదు సారూ" అంది అమ్మ. "సంపినా రాదు."

సారు నా వైపు చూశారు. అమ్మ నా వైపు చూసింది. నేను నేలను చూశాను. నాయన లేచి, నా దగ్గరికి వచ్చి, మెల్లగా, "నువ్వు లెక్కబెట్టు మ్మే. సదువుకున్నదానివి గదా, నీకేం గాదు" అన్నాడు. వద్దు నాయనా అన్నాను. "పిల్లలు ఆకలికి అరస్తాండాయి. బెట్టు" అన్నాడు. ఆ మాట అని, గొంగడి తల మీదుగా కప్పుకుని, చెవులు మూసుకుని, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

అమ్మ తలుపు ఓరగా తెరిచి పట్టుకుంది. ఒక్కొక్క గొర్రే బయటికి వస్తుంటే నేను పైకే లెక్కపెట్టాను, సారు రాసుకోవాలి కదా. వేలు మాత్రం చూపలేదు. నా గొంతు నాకే ఎవరిదో పరాయి మనిషి గొంతులా వినిపించింది. చెవి తెగిందాన్ని, నల్లమొహం దాన్ని, నా చేతుల మీద పుట్టినదాన్ని, అన్నింటినీ అంకెలు చేసి పంపించాను. అరుగు మీద చిన్న వెంకటయ్య మామ తల దించుకున్నాడు. ఆఖరి గొర్రె దాటాక సారు మొత్తం ఎంతని అడిగారు. చెప్పాను. ఆ అంకె నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇక్కడ రాయను.

అన్నింటికీ నీలిరంగు వచ్చింది. సారు మాట నిలబెట్టుకున్నారు. మంద మళ్ళీ ఒకటైంది, కింది వాలులో మేసింది. మేం గెలిచామనే అనుకున్నాను, హాయిగా ప్రొద్దుటూరు పోయి, కొండ మీద తీసిన గడ్డి కొలతలు రాసుకున్నాను. కానీ లెక్క ఒకసారి మొదలయ్యాక ఆగదు కదా. నాగన్న నెల నెలా వచ్చేవాడు. ఏది చచ్చింది, ఏది ఈనింది, ఎన్ని తగ్గాయి, ఎన్ని పెరిగాయి. పుట్టిన పిల్లకు రంగు, చచ్చినదానికి సాక్ష్యం. నాయన ఒకసారి నాతో అన్నాడు. "గొర్రె ఈనితే ఇంట్లో సంతోషం గదా మ్మే. ఆ సంతోషం గూడా పొయ్యి ఆ నాగన్నకు అప్పజెప్పాల. సచ్చిందానికి ఏడ్సేదానికి ల్యా, ముందు సూపియ్యాల." ఓపిక పట్టు నాయనా, డిగ్రీ అయిపోతే అన్నీ సర్దుకుంటాయని చెప్పాను. డిగ్రీకీ గొర్రెలకూ సంబంధమేమిటో నాకే తెలియదు, నోటికొచ్చింది అన్నాను.

తర్వాతి సెలవులకు ఇంటికి పోతే వీధి మలుపులోనే ఏదో తేడాగా అనిపించింది. వాసన లేదు. దొడ్డిలో అమ్మ ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తోంది. అక్కడ ఊడవడానికి ఏమీ లేదు. "సంతకు తోలినాడు మ్మే" అంది, చీపురు ఆపకుండా. "ఒక్కటి గూడా ఉంచుకోలా." నేను నాయన మీద అరిచాను. ఎందుకు, అన్నింటికీ పర్మిషను వచ్చింది కదా, ఇంకేం తక్కువైంది అని ఊరంతా వినపడేలా అరిచాను. ఆయన నన్ను అరిచినంతసేపూ అరవనిచ్చి, "ఎన్నుండాయో అందరికీ తెలిసిపాయ మ్మే. తెల్సినాక మనయి అనిపించలా. సరుకు మాదిరి అనిపిచ్చ" అన్నాడు. నా మీద నింద వేసి ఉంటే బాగుండేది, కొట్లాడేదాన్ని. వేయలేదు.

నాగన్న కలమల్ల దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో పని దొరికి వెళ్ళిపోయాడు. ఆ కాపలా ఉద్యోగం సారు మా నాయనకే ఇప్పించారు. మంచికే చేశారు, అందులో నాకు అనుమానం లేదు. ఖాకీ చొక్కా, మెడలో ఈల. ఇన్నేళ్ళు మందతో ఎక్కిన కొండకు ఇప్పుడు మంద రాకుండా చూడటం ఆయన పని. దాతలు వచ్చి ఆయనను ఆ చొక్కాలో నిలబెట్టి ఫోటో తీసుకున్నారు. కాపరికి ప్రత్యామ్నాయ జీవనోపాధి దొరికిందని రాసుకున్నారు. నా పరిశోధనలో నేను కూడా ఆ మాట రాశాను. గడ్డి పెరిగిందని రాశాను, నిజంగానే పెరిగింది. మట్టి కొట్టుకుపోవడం తగ్గిందని రాశాను, అదీ నిజమే. ఒక్క అబద్ధమూ రాయలేదు. అదే నన్ను ఇన్నేళ్ళూ కొరుకుతోంది. నాయన గొంగడి కప్పుకుని గోడ వైపు తిరిగిన సంగతి రాయడానికి ఆ అధ్యాయాల్లో ఎక్కడా చోటు లేదు.

ఇప్పుడు నాయన లేడు, అమ్మ లేదు. ప్రాజెక్టు ఎప్పుడో మూతపడింది, జమ్మలమడుగులో ఆ ఆఫీసు ఉన్న చోట సెల్‌ఫోన్ల షాపు ఉంది. మా కొండ సగం మీద సోలార్ పలకలు పరిచి ఇనుప కంచె వేశారు. ఊళ్ళో గొర్రెలున్న ఇళ్ళు ఒకటో రెండో. అప్పుడు మమ్మల్ని కొండ దింపిన చదువే ఇప్పుడు మమ్మల్ని వెతుక్కుంటూ ఇంటికి వచ్చింది, మీరే మంచివాళ్ళని చెప్పడానికి. షబానా మీద నాకు కోపం లేదు. ఆమె మేడగదిలో కూర్చుని ఏ ఊరి కొండ గురించి ఏం రాస్తుందో, దాన్ని నమ్మి ఎవరు ఏ రూలు పెడతారో, దానికి ఎవరు గోడ వైపు తిరిగి నిలబడాలో అని భయం. ఆ మాట ఆమెకు చెప్పి పంపాల్సింది. చెప్పలేకపోయాను. ఈ రోజు సాయంత్రం ఆమెకు ఫోను చేసి, ఇంకోసారి రమ్మన్నాను.

నా డిగ్రీ ఫలితం వచ్చిన రోజున నాయనకు సద్ది తీసుకుని కొండెక్కాను. వాన బాగా పడిన ఏడాది అది. బోదగడ్డి నడుం దాకా పెరిగి గాలికి అలలు అలలుగా ఊగుతోంది. ఆ కొండను అంత పచ్చగా నేను ఎన్నడూ చూడలేదు. నాయన ఖాకీ చొక్కాలో ఒక బండ మీద ఉన్నాడు. పాసయ్యానని చెప్పాను. "పాసైనావా. మంచిది మ్మే" అని నా తల నిమిరాడు. సంగటి తుంచుతూ గడ్డి వైపు చూశాడు. "ఎంత బాగ వచ్చిండాదో సూడు. నా జన్మలో ఇంత గడ్డి సూడలా. తినే నోరే ల్యా" అన్నాడు.

ఇంతలో అవతలి గుట్ట మీది నుంచి ఏ ఊరివో గొర్రెలు, వీపుల మీద రంగూ గింగూ ఏమీ లేకుండా, ఒకదాని వెనక ఒకటి కంచె దాటి దిగాయి. తలలు వంచి గడ్డిలో పడ్డాయి. అవి పటపట కొరికే చప్పుడు మా దాకా వినిపిస్తోంది. నాయన చేయి మెడలో ఈల మీదికి పోయింది. అక్కడే ఆగింది. ఆయన కళ్ళు ఆ గొర్రెల మీది నుంచి కదలడం లేదు, ఆకలైనవాడు అన్నం వైపు చూసినట్టు చూస్తున్నాడు.

"నాకేం కనపళ్ళేదు మ్మే" అన్నాడు. "నీకు?"

"నాకూ ఏం కనపళ్ళేదు నాయనా" అన్నాను.